నెలకు మూడు ఫోటోలు

మా బడిలో పిల్లలు అందరికంటే ఎక్కువగా భయపడేది నాకే. గొప్పకు చెప్పడం లేదు, నా గొంతు అలాంటిది. తొమ్మిదో తరగతిలో జీవశాస్త్రం చెబుతూ నేనొక అరుపు అరిస్తే గోడ అవతల ఆరో తరగతి పిల్లలు కూడా గబగబా పుస్తకాలు తెరుస్తారు. అలాంటి నన్ను పట్టుకొచ్చి, పిల్లల కష్టసుఖాలు విని ధైర్యం చెప్పే టీచరుగా కూర్చోబెట్టారు. ప్రతి హైస్కూలు నుంచి ఒకరి పేరు పంపాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. లెక్కల సారుకు బీపీ, తెలుగు మేడమ్‌కు చంటిబిడ్డ, సోషల్ సారు రేపోమాపో రిటైరవుతాడు. మిగిలింది నేను. మీరైతే పిల్లలు మాట వింటారు మేడమ్, అన్నారు హెడ్‌మాస్టరు. వినాల్సింది వాళ్ళు కాదు సార్, నేను, అన్నాను. ఆయన నవ్వి సంతకం పెట్టేశారు.

నేనుండేది ఆదోనిలో. బడి ఎమ్మిగనూరు దారిలో ఒక పల్లెలో ఉంది. ఊరి పేరు రాయను, ఎందుకో ముందుకు పోయేకొద్దీ తెలుస్తుంది. పుట్టిల్లు మంత్రాలయం దగ్గర. గుడి కొలువు చేసుకునే ఇల్లు, నాన్న పాఠశాలలో పిల్లలకు పాఠం చెప్పేవారు. మా ఇంట్లో ఎవరికైనా మనసు బాగలేదంటే పదకొండు ప్రదక్షిణలు చేయమనేవారు. అప్పటికీ బాగుపడకపోతే ఇంకో పదకొండు. ఎందుకు బాగలేదు అని ఎవరైనా ఎవరినైనా అడిగిన గుర్తు నాకు లేదు. అడగడం అనేదాన్ని నేను నలభై ఏడేళ్ళ వయసులో, కర్నూలులో మూడు రోజుల శిక్షణలో నేర్చుకోవడానికి పోయాను.

శిక్షణలో ఒక డాక్టరమ్మ చాలా బాగా చెప్పింది. పిల్ల మాట్లాడేటప్పుడు మధ్యలో దూరకండి, సలహాలు ఇవ్వకండి, విన్నది మీ కడుపులో దాచుకోండి అంది. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మాత్రం దాచకండి, ఇంట్లోవాళ్ళకు నెమ్మదిగా చెప్పి డాక్టరు దగ్గరికి తీసుకుపోండి అంది. మూడో రోజు ఆఖరి అరగంట ఒక ఆఫీసు ఉద్యోగి వచ్చి, నెలనెలా రిపోర్టు ఎలా పంపాలో చెప్పాడు. ఒక ఫారం, మూడు ఫోటోలు. టీచరూ విద్యార్థీ ఎదురెదురుగా కూర్చుని ఉండాలి, వెలుతురు బాగుండాలి, తారీఖూ స్థలమూ ఫోటో మీద పడాలి. విద్యార్థి ముఖం మాత్రం కనపడకూడదు, వెనక నుంచి తీయాలి. నా నోటుపుస్తకం ఇప్పటికీ ఉంది. అందులో డాక్టరమ్మ చెప్పింది నాలుగు లైన్లు, ఫోటోల సంగతి ఒక పేజీ.

ఫోటోలు మాకు కొత్తేమీ కాదు. పొద్దున బడికి పోగానే మరుగుదొడ్డి ఫోటో, తర్వాత రాగిజావ ఫోటో, మధ్యాహ్నం కోడిగుడ్డు ఫోటో. అన్నీ యాప్‌లో ఎక్కించాలి, సిగ్నల్ లేకపోతే మేడ మెట్లెక్కి చేయి పైకెత్తి నిలబడాలి. నా ఫోన్లో నా కూతురి ఫోటోలకంటే బడి మరుగుదొడ్ల ఫోటోలే ఎక్కువ. చేసిన పని కంటే చేసినట్టు ఫోటో ముఖ్యమని మాకు ఎవరూ చెప్పలేదు, మా వేళ్ళకే అలవాటైపోయింది.

నాకిచ్చిన గది భోజనం సరుకుల గది. ఒక పక్క బియ్యం బస్తాలు, ఒక పక్క గుడ్ల అట్టలు, అల్మారా నిండా చిక్కీ పెట్టెలు. నేను కుర్చీలో, వచ్చిన పిల్లలు బియ్యం బస్తా మీద. మొదటి రెండు నెలలు నా దగ్గరికి వచ్చినవాళ్ళలో సగం మంది చిక్కీ కోసం, మిగతా సగం లెక్కల పీరియడ్ ఎగ్గొట్టడానికి వచ్చారు. ఒకడు చాలా బాధగా ముఖం పెట్టి, మేడమ్, నాకు మీరంటేనే భయం, ఏం చేయమంటారు, అని అడిగాడు. వాణ్ణి తిట్టి పంపించాను. ఆ తిట్టేటప్పుడు కూడా వెనక నుంచి ఒక ఫోటో తీసుకున్నాను.

ఆ పిల్ల వచ్చింది వినాయక చవితి అయిన తర్వాత. పదో తరగతి, గోడ పక్క బెంచీలో చివర కూర్చునేది. బాగా చదివేది, ఉన్నట్టుండి చదవడం మానేసింది. అంతకు ముందటి ఏడు పత్తి తీసే కాలంలో వాళ్ళక్క చనిపోయింది. జ్వరమని ఇంట్లోవాళ్ళు చెప్పారు, ఊరంతా అదే అనుకుంది, మేమూ అదే అనుకున్నాం. అక్క పోయిన నెలకు ఈ పిల్ల అన్నం మానేస్తే, గాలి సోకిందని దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించారు. అందరికీ మెడ ముందు ఉండే తాయెత్తు ఈ పిల్లకు మెడ వెనక ఉండేది. గాలి వెనక నుంచి వస్తుందట, కాపలా కూడా వెనకే ఉండాలట. నల్లదారం, దాని మీద ఎర్రనూలు చుట్టిన లావు ముడి, రాగిరేకు. రెండు జడల మధ్య అది బాగా కనపడేది.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. ఈ గుర్తు నేను మార్చి రాస్తున్నాను. ఆ పిల్ల ఒంటి మీద ఉన్నది తాయెత్తు కాదు, ఇంకొకటి. కానీ అది కూడా వెనక నుంచి చూస్తేనే కనపడేది, దాన్ని చూస్తే ఊళ్ళో ఎవరైనా ఇది ఫలానావాళ్ళ పిల్ల అని చెప్పేవారు. ఇంకో రెండు మూడు సంగతులు కూడా మార్చాను. ఆ పిల్లను ఒకసారి నలుగురిలో నిలబెట్టాను, మళ్ళీ నిలబెట్టే ఉద్దేశం లేదు.

మొదటి నాలుగు సార్లు ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు. వారానికోసారి, ఆఖరి పీరియడ్‌లో వచ్చి బస్తా మీద కూర్చుని గోనె దారాలు పీకేది. నోరు మూసుకుని కూర్చోవడం నాకెంత కష్టమో నాతో ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళకు తెలుసు. నోరు కట్టేసుకోవడానికి గుడ్ల అట్టలు లెక్కపెట్టేదాన్ని. అయిపోతే మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టేదాన్ని. గంట కొట్టగానే ఆ పిల్ల లేచి, పోతాను మేడమ్, అనేది. చిక్కీ ఇస్తే వద్దనేది. చిక్కీ వద్దన్న పిల్ల నాకు ఆ ఒక్కతే తగిలింది.

ఐదోసారి, దసరా సెలవులైన తర్వాత, దారం పీకుతూనే చెప్పింది.

"మా అక్క జొరంతో పోలేదు మేడమ్. తానే సచ్చిపోయింది."

నా గుడ్ల అట్టల లెక్క తప్పింది. ఎందుకు చేసిందో తనకు తెలియదంది. ఇంట్లో కొట్లాట లేదు, ఎవరూ ఒక మాట అనలేదు. పోలీసులు వస్తారని, కేసు అవుతుందని, ఇంకో ఆడపిల్ల ఇంట్లో ఉంది కదా అని పెద్దవాళ్ళు మాట్లాడుకుని జ్వరమని చెప్పారట. ఎవరితోనూ అనొద్దని అమ్మ తన తల మీద చేయి పెట్టి ఒట్టు వేయించుకుందట. సంవత్సరం పాటు ఆ పిల్ల అడిగినవాళ్ళందరికీ జ్వరమనే చెప్పింది. నాకు కూడా ఒకసారి అలాగే చెప్పింది, నేను పారాసిటమాల్ వేయలేదా అని అడిగాను.

తర్వాత ఇంకొకటి చెప్పింది. ఆ రోజు పొద్దున అక్క తనను బడికి పోవద్దని అడిగిందట. ఈ ఒక్క రోజు నాతో చేనికి రా, పత్తి తీయొద్దులే, ఊరికే గట్టు మీద కూర్చో, అని రెండుసార్లు అడిగిందట. తను పోలేదు. ఎందుకు పోలేదమ్మా అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

"మీ స్లిప్ టెస్టు ఉండె మేడమ్. రాకపోతే మీరు బయట నిలబెడ్తారని."

నేను బయట నిలబెడతాను. ఆ మాట నిజం. స్లిప్ టెస్టు రోజు ఎగ్గొట్టినవాళ్ళను మర్నాడు రెండు పీరియడ్లు వరండాలో నిలబెట్టడం నా పద్ధతి, అందుకే నా సబ్జెక్టులో హాజరు బాగుంటుందని ఇరవై ఏళ్ళుగా చెప్పుకుంటున్నాను. ఆ పరీక్ష ఏ పాఠంలోదో నాకు గుర్తు రాలేదు. ఆ తర్వాత మార్కుల పుస్తకం తీసి చూశాను. ఆ పిల్లకు ఆ రోజు పదికి తొమ్మిది వచ్చాయి.

ఆ పిల్ల ఏడుస్తూ, నాకు కూడా ఒక్కోసారి అక్కలాగే అనిపిస్తుంది మేడమ్, అంది. అప్పుడు మాత్రం డాక్టరమ్మ మాటలు గుర్తొచ్చాయి. ఇది దాచేది కాదని నెమ్మదిగా చెప్పాను. నాన్నకు చెప్పొద్దు మేడమ్, అంది. అమ్మకు తనే చెబుతానంది. అమ్మ పొద్దుగూకేదాకా కూలికి పోతుంది, ఆదివారం ఇంట్లో ఉంటుంది, ఆదివారం చెబుతానంది. సోమవారం పొద్దున అమ్మా తనూ నేనూ కలిసి బస్సులో కర్నూలు పోయి ఆ డాక్టరమ్మను చూడాలని మాట్లాడుకున్నాం. అంతవరకూ ఒక్కతే ఎక్కడికీ పోనని, అమ్మ పక్కనే పడుకుంటానని నా చేతిలో చేయి వేసింది. ఆ రోజు శుక్రవారం. నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే ఆ పావుగంటలో చేసిందే.

ఆ పావుగంట తర్వాత చేసింది కూడా చెప్పాలి. ఆ రోజు నెలాఖరు. ఐదు గంటల లోపల రిపోర్టు పోవాలి, పోకపోతే బడి పేరు ఎర్రరంగులో పడుతుంది. ఫోటోలు రెండే ఉన్నాయి. తల మొద్దుబారిపోయింది, ఏదో ఒక తెలిసిన పని చేయాలనిపించింది. తెలిసిన పని అదొక్కటే. ఫోన్ తీశాను.

"కొంచెం అటు తిరుగమ్మా" అన్నాను.

ఆ పిల్ల ఎందుకని అడగలేదు. టీచరు తిరగమంది, తిరిగింది. గోడ వైపు ముఖం పెట్టి, బస్తా మీద, భుజాలు ఇంకా ఎగసిపడుతుండగా. నేను ఫోన్‌ను వెనక గుడ్ల అట్టల మీద నిలబెట్టి, టైమరు పెట్టి, కుర్చీ ఆ పిల్లకు ఎదురుగా జరుపుకుని, ఎదురెదురుగా కూర్చున్నట్టు తీశాను. వెలుతురు బాగా పడింది. మండలం గ్రూపులో పెట్టి, హెడ్‌మాస్టరుకు ఒకటి పంపి, ఫారం నింపి, నాలుగున్నరకల్లా బస్సెక్కాను.

హెడ్‌మాస్టరు చెడ్డవాడు కాదు. ఊళ్ళో నాలుగు రూకలు ఉన్నవాళ్ళంతా పిల్లల్ని ఆదోని ప్రైవేటు బళ్ళకు పంపుతుంటే ఆయనకు కడుపు మండేది. మా బడిలో కూడా అన్నీ ఉన్నాయని చూపించుకోవాలని ఆయన తాపత్రయం. ఆ ఫోటోను తల్లిదండ్రుల కమిటీ గ్రూపులో పెట్టారు. మన పాఠశాలలో విద్యార్థినులకు మానసిక ధైర్యం కల్పిస్తున్న దృశ్యం, అని రాసి, కింద రెండు దండాల బొమ్మలు. బస్సు ఆదోని చేరి, పత్తి మిల్లుల దగ్గర బండ్ల వరుసలో ఆగిపోయినప్పుడు నేను ఫోన్ తీసి చూశాను. చప్పట్ల బొమ్మలు వరసగా పడుతున్నాయి. మేడమ్ గారికి అభినందనలు అని ఎవరో పెట్టారు. అవి చూసి నాకు సంతోషం కలిగింది. ఇది దాచి రాయడంలో అర్థం లేదు, కలిగింది.

ఆ గ్రూపులో ఆ పిల్ల పెదనాన్న ఉన్నాడు. ఫోటోలో ముఖం లేదు, పేరు లేదు. మెడ వెనక తాయెత్తు ఉంది. ముఖం దాచడానికని పెట్టిన నియమం ఆ పిల్ల విషయంలో ముఖం చూపించినట్టే అయింది. దీపాలు పెట్టే వేళకే ఊరంతా తెలిసిపోయిందట, ఫలానావాళ్ళ పిల్ల బడిలో మేడమ్ ముందర కూర్చుని ఏడ్చింది, ఏం చెప్పిందో ఏమో అని.

శనివారం పొద్దున నేను పోయేసరికి హెడ్‌మాస్టరు గదిలో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఆ పిల్ల తండ్రి, పెదనాన్న. పెదనాన్న గట్టిగా మాట్లాడే మనిషి. తండ్రి అప్పటిదాకా ఎప్పుడూ బడికి రాలేదు. తువ్వాలు భుజం మీద కాకుండా చేతిలో నలుపుతున్నాడు, తల వెంట్రుకల్లో పత్తి పీచు ఉంది. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు.

"నా బిడ్డ మీకు ఏం సెప్పింది మేడమ్?" అన్నాడు.

ఉన్నది చెబితే ఆ పిల్ల అమ్మకు వేసిన ఒట్టు పోతుంది, నాన్నకు చెప్పొద్దన్న మాట పోతుంది. చెప్పకపోతే సోమవారం కర్నూలు ప్రయాణం పోతుంది. చదువు గురించే అన్నా, అన్నాను. చదువు గురించైతే అట్లా యాల ఏడుస్తాది, వీపు చూస్తే తెలియడంలేదా, అన్నాడు పెదనాన్న. ఫోన్ తీసి ఆ ఫోటోను రెండు వేళ్ళతో పెద్దది చేసి నాకే చూపించాడు. ఊళ్ళో అందరూ అడుగుతున్నారని, స్టేషన్‌దాకా పోతే ఎవరు జవాబు చెప్పాలని అడిగాడు. అందరి కంటే పెద్ద గొంతున్న నేను ఆ గదిలో తల వంచుకుని నిలబడ్డాను.

చివరికి తండ్రిని ఒక్కణ్ణే వరండాలోకి పిలిచి, చెప్పి తీరాల్సింది మాత్రం చెప్పాను. అక్క సంగతి ఎత్తలేదు. అన్నా, పిల్ల మనసు అస్సలు బాగలేదు, ఒంటరిగా వదలొద్దు, కర్నూలులో నాకు తెలిసిన డాక్టరమ్మ ఉంది, నేనూ వస్తాను అన్నాను. ఆయన గ్రౌండు వైపు చూశాడు. అంతా అర్థమైన మనిషి చూపు అది. "ఒగ బిడ్డను పోగొట్టుకున్నోళ్ళం మేడమ్, మాకు తెలీదా" అన్నాడు. కర్నూలు మాట మాత్రం ఎత్తలేదు. సోమవారం నేను బస్టాండులో రెండు బస్సులు వదిలేశాను. వాళ్ళు రాలేదు.

హెడ్‌మాస్టరు గ్రూపులో ఫోటో తీసేశారు. ఆయన కళ్ళలో నీళ్ళు చూడటం అదే మొదటిసారి. నేనూ మండలం గ్రూపులోంచి, నా ఫోన్లోంచి తీసేశాను. కానీ అప్పటికే మండలం గ్రూపు నుంచి అది ఎక్కడికో పోయింది. పదిహేను రోజుల తర్వాత ఆదోనిలో మా అందరికీ ఒక సమావేశం పెట్టారు. బాగా పనిచేసిన బళ్ళ గురించి తెర మీద చూపిస్తున్నారు. మూడో బొమ్మ ఆ పిల్ల వీపు. గోడంత తెర మీద, తాయెత్తు నా తలకాయంత. ఫోటో అంటే ఇట్లా ఉండాలి, ముఖం కనపడకుండా ఎంత బాగా తీశారో చూడండి, అన్నారు పై అధికారి. పక్కనున్న మేడమ్ నా భుజం తట్టింది. నేను లేచి బయటికి పోయాను.

దీపావళి అయ్యాక మా వైపు సగం ఊళ్ళు సుగ్గికి పోతాయి. సుగ్గి అంటే ఇక్కడి పంట అయిపోయాక గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి కుటుంబాలతో వలస పోవడం. పదో తరగతి పిల్లలున్నవాళ్ళు మాత్రం ఆ ఒక్క ఏడాదికి పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి పోతారు. ఆ పిల్లను కూడా అలాగే వదలాలని ముందే అనుకున్నారట. వాళ్ళు లారీ ఎక్కే రోజు తెలిసి నేను ఆ వీధికి పోయాను. మూటలు, బిందెలు, ఒక మేక. తండ్రి నన్ను చూసి దిగి వచ్చాడు. పరీక్షలున్నాయి అన్నా, ఈ పిల్లను వదిలి పోండి, నేను చూసుకుంటాను, అని బతిమాలుకున్నాను.

"మీరే గదా మేడమ్, బిడ్డను ఒంటిగా ఇడ్సొద్దంటిరి" అన్నాడు. "ఈడ ఇడ్సిపోతే ఎవరు సూస్తారు? ఆడైతే వాళ్ళమ్మ పక్కనే ఉంటాది."

అందులో ఎత్తిపొడుపు లేదు. నా మాట విన్నాడు, విన్నది విన్నట్టు చేశాడు. పిల్ల లారీలో వాళ్ళమ్మను ఆనుకుని కూర్చుంది, నా వైపు చూడలేదు. పరీక్షలకు తీసుకొస్తానని ఆయన నాకు మాట ఇచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నాలు ఫోన్ చేసేదాన్ని. తండ్రి ఎత్తి, బాగుండాది మేడమ్, అని ఆ పిల్లకు ఇచ్చేవాడు. బాగుండాను మేడమ్, అనేది. చదువుతున్నావా అంటే ఊ. అమ్మ పక్కనే పడుకుంటున్నావా అంటే ఊ. మిరపకాయల ఘాటుకు కాబోలు, మధ్యమధ్య దగ్గేది. డాక్టరమ్మకు నేనే ఫోన్ చేసి జరిగింది మొత్తం చెప్పాను, ఫోటో సంగతితో సహా. ఆవిడ నన్నేమీ అనలేదు. ఆ పిల్లకు ఫోన్లు ఆపకండి, వచ్చాక ఒక్కసారైనా తీసుకురండి, అంది.

ఆ నెల నుంచి నేను రిపోర్టుకు ఖాళీ గది ఫోటోలు పంపుతున్నాను. బియ్యం బస్తా, గుడ్ల అట్టలు, నా కుర్చీ. వెలుతురు బాగుంటుంది, తారీఖు పడుతుంది. ఎవరూ అడగలేదు. ఇప్పటివరకూ ఎవరూ అడగలేదు. మూడు ఉన్నాయా లేవా అన్నదే చూస్తారు, అందులో ఏముందో ఎవరూ చూడరు. అంటే ఆ శుక్రవారం కూడా బస్తా ఫోటో పంపి ఉంటే సరిపోయేది. ఈ సంగతి తెలిసిన రోజు ఇంటికి పోయి అన్నం తినలేదు.

తండ్రి మాట నిలబెట్టుకున్నాడు. మార్చిలో, పరీక్షలకు రెండు రోజుల ముందు, పిల్లను వెంటపెట్టుకుని వచ్చాడు. సెంటరు ఎమ్మిగనూరులో పడింది. జీవశాస్త్రం పరీక్ష రోజు నాకు డ్యూటీ లేదు, నేను ఎమ్మిగనూరు పోయి గేటు బయట సోడాబండి నీడలో నిలబడ్డాను. పిల్లలు గుంపుగా వచ్చారు, అరుచుకుంటూ, జవాబులు సరిచూసుకుంటూ. ఆ పిల్ల చివరికి వచ్చింది. ఎండకు నల్లబడింది, వేళ్ళ చివర్లు పగిలి ఉన్నాయి. రెండు జడలు పోయి ఒక్క జడ అయింది, అది మెడ మీదుగా వదులుగా వేలాడుతోంది. తాయెత్తు ముందుకు వచ్చి చొక్కా కాలరు లోపల ఉంది.

నన్ను చూసి ఆగింది. ఎలా రాశావు అన్నాను. పర్వాలేదు మేడమ్ అంది. కర్నూలు మాట ఎత్తుదామని నోరు తెరిచాను. అంతలో, మీ సెల్ ఒకసారి ఇస్తారా మేడమ్, అంది. ఇచ్చాను. ఆ పిల్ల ఫోటోలు తెరిచి, వేలితో వెనక్కి జరపడం మొదలుపెట్టింది. కోడిగుడ్లు, రాగిజావ, మరుగుదొడ్లు, మా అమ్మాయి పుట్టినరోజు, ఖాళీ గది, మళ్ళీ కోడిగుడ్లు. పగిలిన వేలు కాబట్టి తెర సరిగ్గా జరగలేదు, ఓపికగా మళ్ళీ మళ్ళీ జరిపింది. ఆ నెలకు వచ్చి ఆగింది. ఒక్కొక్కటీ చూసింది.

నేను తీసేశానమ్మా, ఆ రోజే తీసేశాను, అన్నాను.

తీసేసినా వాళ్ళ సెల్లుల్లో ఉంటుంది కదా మేడమ్, అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. చున్నీ అంచుతో తెర తుడిచి ఫోన్ నా చేతిలో పెట్టింది. రోడ్డు అవతల ఆటో దగ్గర వాళ్ళ నాన్న నిలబడి ఉన్నాడు. అటు ఒకసారి చూసి నా వైపు తిరిగింది.

"నేను మీకు ఏం సెప్పలేదు గదా మేడమ్?"

శిక్షణలో దీనికి జవాబు నేర్పించారు. చెప్పావు, చెప్పి మంచి పని చేశావు, తప్పు చేసింది నేను, అనాలి. నాకు తెలుసు. ఆ మాటలు నోటి దాకా వచ్చాయి. ఆ పిల్ల నా నోటి వైపే చూస్తోంది, స్లిప్ టెస్టు పేపరు చేతికి ఇచ్చేటప్పుడు చూసినట్టు.

"లేదమ్మా. నువ్వేం చెప్పలేదు" అన్నాను.

ఆ పిల్ల ఊపిరి వదిలి తల ఊపింది. పోతాను మేడమ్ అని రోడ్డు దాటి, వాళ్ళ నాన్న పక్కన ఆటోలో కూర్చుంది. నేను సోడాబండి దగ్గరే ఉండిపోయాను. ఆ అబద్ధం ఆ పిల్ల కోసమే ఆడానని బస్సెక్కేదాకా అనుకున్నాను. ఆదోని దగ్గర పడేసరికి అసలు సంగతి తెలిసింది. ఆ పిల్ల నాకేమీ చెప్పలేదంటే, ఆ రోజు అక్క పిలిస్తే ఎందుకు పోలేదో కూడా చెప్పలేదు. ఆ మాట అన్నప్పుడు నాకు కూడా ప్రాణం కుదుటపడింది.